పాత సెయిల్‌బోటుకి కొత్త వించిలు: గోదావరి ఒండ్రులో వాడి చూశాక

నాది ముప్పై అడుగుల ఫైబర్ సెయిల్‌బోటు, 1970ల నాటిది. కాకినాడ జగన్నాథపురం ఉప్పుటేరులో, వంతెనకి సముద్రం వైపున కట్టి ఉంచుతాను. కాక్‌పిట్‌కి, అంటే కూర్చుని పడవ నడిపే చోటుకి, అటూ ఇటూ ఉండే రెండు పెద్ద వించిలూ (తాడు చుట్టి, హ్యాండిల్ తిప్పి లాగే డ్రమ్ములు) తీసేసి కొత్తవి పెట్టించి కొన్నేళ్లయింది. వరద నీళ్లు, ఎండలు, తుపాను గాలులు అన్నీ వాటి మీదుగా వెళ్లాయి. వించిలు కొనేవాళ్లు మొదట అడిగేది సైజెంత, కంపెనీ ఏది అని. గోదావరి మొగల దగ్గర తిరిగే పడవకి మాత్రం, ఆ వించి ఎంత తేలిగ్గా ఊడి వస్తుంది, ఎంత తేలిగ్గా మళ్లీ కూర్చుంటుంది అన్నదే ముందు చూడాలంటాను. ఇక్కడ తాడుతో పాటు ఒండ్రు కూడా డ్రమ్ము ఎక్కుతుంది మరి.

పాతవి సింగిల్ స్పీడ్, అంటే ఒకే గేరున్న, అల్యూమినియం వించిలు. డ్రమ్ము మీద గరుకు అరిగిపోయి తాడు జారేది. అడుగున స్టీలు బోల్టులు తగిలిన చోటల్లా అల్యూమినియం తెల్లగా పొడి రాలి గుంటలు పడింది. ఉప్పు నీళ్లలో ఆ రెండు లోహాలూ ఆనుకుని ఉంటే తినేసేది అల్యూమినియాన్నే. పైగా ఒకరు హ్యాండిల్ తిప్పుతుంటే ఇంకొకరు తాడు చివర లాగి పట్టుకోవాలి. చుక్కాని దగ్గర ఒకరు, వించి దగ్గర ఒకరు ఉండే పడవలో, గాలి పెరిగినప్పుడు ఆ మూడో మనిషిని ఎక్కణ్ణించి తేవాలి?

సెల్ఫ్ టెయిలింగ్ వించిలో ఆ మూడో మనిషి పని డ్రమ్ము నెత్తిన ఉన్న దవడలు చేస్తాయి. తాడుని అవి కరిచి పట్టుకుంటాయి, మనం తిప్పుకుంటూ పోవడమే. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. సగం వయసు దాటినవాళ్లు పడవ నడపడం కొనసాగించాలంటే, నా లెక్కలో డబ్బు పెట్టాల్సిన మొదటి చోటు ఇదే.

కంపెనీల సంగతి క్లుప్తంగా చెప్తాను. లూమార్, హార్కెన్, ఆండర్సన్ మూడూ మంచి పేరున్నవే. నేను ఆండర్సన్ తీసుకున్నాను. డ్రమ్ము స్టెయిన్‌లెస్ స్టీలు, దాని మీద గరుకు బదులు నిలువు గాడులు ఉంటాయి. బురద తాడు ఎన్నిసార్లు చుట్టినా అరిగే పూత అంటూ లేదు, తాడు నారా లేవలేదు. ఇప్పటికీ గుడ్డ పెట్టి తుడిస్తే మెరుస్తుంది. అల్యూమినియం కంటే బరువే, కానీ మా పడవకి అది లెక్కలోకి రాలేదు.

సైజు దగ్గర కొంచెం ఆగాలి. వించి మీద 40 అని ఉంటే, లో గేరులో మన బలం సుమారు 40 రెట్లవుతుందని అర్థం. పది అంగుళాల హ్యాండిల్ మీద 20 కిలోల బలం పెడితే కాగితం మీద 800 కిలోల లాగుడు. రాపిడికి అందులో కొంత పోతుంది. నా పడవ పొడవుకి 30 సరిపోతుందనే ఎవరైనా చెప్తారు. నేను 40 పెట్టించాను, అదీ తెరచాప కోసం కాదు. ఇసుక తిప్పల కోసం.

కాకినాడ తీరాన్ని హోప్ ఐలండ్ సముద్రం నుంచి కాస్తుంది. ఆ దీవి గోదావరి తెచ్చిన ఇసుకతో ఏర్పడిందే. అదే ఇసుక, అదే ఒండ్రు కోరంగి మడ అడవుల వైపు లోతుని ఏటా మారుస్తూ ఉంటుంది. పోయినేడు పడవ తేలిన చోట ఈ ఏడు అడుగు ఆనుతుంది. పోటుకీ పాటుకీ తేడా పున్నమి, అమావాస్యలకి కూడా దాదాపు మీటరున్నర. నిండు పోటు మీద తిప్పెక్కితే తర్వాతి పెద్ద పోటు దాకా ఎదురుచూడాలి. అందుకే చిన్న లంగరుని తెప్పలో తీసుకెళ్లి లోతులో వేసి, దాని మోకుని వించికి చుట్టి పడవని వెనక్కి లాగాలి. వించికి అసలు పరీక్ష అదే. తెరచాప తాడు లాగడం దాని ముందు ఎంత?

పాటు మొదలైన వేళ మడల అంచున ఒకసారి ఇలాగే ఆనింది. మాతో వచ్చే భైరవపాలెం తండేలు లంగరు వేసి వచ్చి, నేను మోకు అందుకోబోతుంటే ఆపాడు. "బాబూ, అలా ఎక్కించకు. ముందు కడుగు" అని బకెట్టుతో రెండుసార్లు నీళ్లు కుమ్మరించాడు. మోకు మీంచి నల్లటి జిగురు ఒండ్రు జారిపోయాక చుట్టాం. లో గేరులో ఒక్కో తిప్పుకీ వేలెడు మోకు వస్తోందో లేదో అన్నట్టు ఉంది. ముందు పడవ వణికింది, తర్వాత పడవ అడుగు దూలం కింద ఇసుక గీసుకున్న చప్పుడు, ఆ తర్వాత కదిలింది. పాత వించితో ఇది జరిగే పని కాదు. ఒక్క మాట: లంగరు మోకుని నేరుగా వించికి తేకూడదు. కప్పీ వేసి, తాడు డ్రమ్ముకి కొంచెం కింద నుంచి పైకి ఎక్కేలా మళ్లించాలి. పై నుంచి దిగేలా వస్తే చుట్టు మీద చుట్టెక్కి బిగుసుకుపోతుంది, అంత లాగుడు మీద అది విడిపించడం వేళ్లకి ప్రమాదం. లంగరు మోకు లావు కాబట్టి దవడలు కరవవు, చివర చేత్తోనే పట్టాలి.

ఇంత కడిగినా ఒండ్రు లోపలికి పోతుంది. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేసేది నీరు 10 లక్షల క్యూసెక్కులకి చేరినప్పుడు. ఆ నీరు దిగి వచ్చిన వారాల్లో గౌతమి పాయ ముఖాన సముద్రం కూడా ఎర్రగానే ఉంటుంది. ఆ నీళ్లు ఆరిన తాడుని చేత్తో నలిపితే మెత్తటి పొడి రాలుతుంది. వించి లోపల పాల్‌లని గోరంత ఉక్కు ముక్కలుంటాయి. వాటి వెనక సన్నటి స్ప్రింగులు. డ్రమ్ము వెనక్కి తిరగకుండా ఆపేవి అవే. వాటికి గ్రీజు పూస్తే గ్రీజూ ఒండ్రూ కలిసి ముద్దవుతుంది, పాల్ లేవదు. లేవకపోతే బరువు మీదున్న డ్రమ్ము వెనక్కి తిరిగి హ్యాండిల్ మనిషి చేతిని విరిచేయగలదు. అందుకే గేరు పళ్లకీ బేరింగులకీ గ్రీజు పల్చగా, పాల్‌లకి మటుకు కుట్టు మిషన్ నూనె లాంటి తేలిక నూనె రెండు చుక్కలు. పడవ ఎంత పాతదైనా ఈ నియమం మారదు.

వరద నీరు తేటపడ్డాక ఒకసారి, ఎండలు ముదరకముందు ఒకసారి విప్పుతాను. అట్టపెట్టె అడుగున డ్రమ్ము పట్టేంత కంత కోసి వించికి తొడిగితే, ఎగిరిన స్ప్రింగు నీళ్లలో పడదు. కిరసనాయిలుతో కడగడం, ఆరబెట్టడం, నూనె, మళ్లీ కూర్చోబెట్టడం: ఒక్కో దానికి ఒక పూట పడుతుంది. స్ప్రింగులు, పాల్‌లు అదనంగా ఒక జత వించిలతోనే తెప్పించుకోండి. ఇక్కడి షాపుల్లో దొరకవు, తర్వాత తెప్పిస్తే పార్సిల్ ఖర్చు వాటి ధరని మించుతుంది.

బిగించడం గురించి చెప్పకపోతే ఈ సమీక్ష సగమే. పాత వించి తీయగానే బోల్టు కంతలోంచి నల్లటి నీళ్లు వచ్చాయి. డెక్కు పైనా కిందా ఫైబర్, మధ్యలో బాల్సా చెక్క. ఏళ్ల తరబడి నీళ్లు దిగి ఆ చెక్క నాని మెత్తబడిపోయింది. దాని మీద కొత్త వించి బిగిస్తే డబ్బు ఏట్లో పోసినట్టే. చెక్క గట్టిగా తగిలేదాకా కంతల చుట్టూ తోడేసి, ఆరబెట్టి, చిక్కటి ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) నింపి, మళ్లీ కంతలు వేశాం. ఇక్కడి వాతావరణంలో ఎపాక్సీకి రెండు చిక్కులున్నాయి. రోహిణి కార్తె ఎండలో కలిపిన గిన్నెలోనే వేడెక్కి గడ్డకడుతుంది. వానాకాలపు తేమలో పైన మైనంలా పొర కడుతుంది, దాన్ని నీళ్లతో రుద్ది కడగకుండా రెండో పూత వేస్తే అంటదు. సంక్రాంతి వెళ్లాక, మార్చిలోపు, పొద్దున్నే చేసుకుంటే రెండూ ఉండవు.

డెక్కు కింద బోల్టులకి వెడల్పు పలక తప్పనిసరి. చిన్న వాషర్లు చాలవు. మా పలకలు జగన్నాథపురం లేత్ షాపులో కోయించాం. స్టీలు 316 అడగండి. బజార్లో స్టెయిన్‌లెస్ అంటే ఎక్కువగా 304 ఇస్తారు, అయస్కాంతం పెట్టి చూస్తే రెంటికీ తేడా తెలియదు. 316లో మాలిబ్డినం ఉంటుంది, ఉప్పుకి నిలిచేది అది. బిల్లు మీద గ్రేడు రాయించుకోవాలి. వించి కింద దిమ్మెలు తాళ్లరేవు వడ్రంగి టేకుతో చెక్కిచ్చాడు, తాడు వచ్చే కోణం చూసి ఒకవైపు వాలు పెట్టి మరీ. అతను పడవల మధ్యే పెరిగినవాడు, రెండుసార్లు చెప్పాల్సిన పని పడలేదు. కంతల అంచులు కొంచెం ఏటవాలుగా గీకి నీరు దిగకుండా బ్యూటైల్ టేపు (మెత్తటి రబ్బరు జిగురు పట్టీ) చుట్టి, బోల్టు తల కదలకుండా పట్టుకుని కింద నట్టు మాత్రమే తిప్పాం. అన్ని వానలు కురిసినా లోపల చుక్క కారలేదు. సిలికాన్ వద్దు. ఒకసారి అది అంటిన చోట తర్వాత రంగు గానీ ఇంకేదీ గానీ పట్టదు.

ఖర్చు ఎక్కువే. రెండు వించిలకీ, వాటి కస్టమ్స్ సుంకానికీ అయిన డబ్బుతో మా తీరంలో ఇంజనుతో సహా నాటు పడవ వచ్చేది. కస్టమ్స్ పని చూసిన ఏజెంటు కాగితాల పేరు చెప్పి వారాలు తిప్పాడు. సుంకం లెక్క ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

లోతు నీళ్లలోనే తిరుగుతూ, మనుషులు తోడున్న పడవైతే, పాత వించి పళ్లు బాగుంటే విప్పి శుభ్రం చేసి స్ప్రింగులు మార్చండి, చాలు. నా తెరచాప ఎత్తే కొయ్య మీది చిన్న వించిలు ఇప్పటికీ పాతవే. ఏడాదికోసారి నూనె చూస్తున్నాయి, టకటకమని చక్కగా పలుకుతున్నాయి, వాటిని మార్చే ఆలోచన లేదు.