ఆర్ట్స్ అండ్ మీడియా మేనేజ్‌మెంట్ ఎం.ఏ.: పరిషత్తు నాటకాలవాళ్లకి పనికొస్తుందా?

కాపీరైట్ పేపరొక్కటి చాలండి, ఈ కోర్సుకి కట్టిన ఫీజు నాకు వసూలైపోయినట్టే.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా ఊరి నాటక పరిషత్తుకి రసీదు పుస్తకం పట్టుకుని రైస్ మిల్లులూ, రొయ్యల మేత దుకాణాలూ తిరిగి చందాలు పోగుచేసేది నేనే. ఆ పని ఇంకా పద్ధతిగా నేర్చుకుందామని హైదరాబాదులో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో చేరి రెండేళ్ల ఎం.ఏ. పూర్తిచేశాను. హాస్టలుతో కలిపి ఖర్చు నాలుగు లక్షలు దాటింది.

మా పరిషత్తులో టికెట్టు ఉండదు. ఔత్సాహిక సంఘం ఇలా ఉచితంగా నాటకం వేస్తే, లేదా గుడి సహాయార్థం వేస్తే, 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం తప్పు కాదు. అయితే అదే నాటిక వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టామంటే ఆ మినహాయింపు చెల్లదు. రచయిత అనుమతి కావాలి. ఆయన పోయాక కూడా 60 ఏళ్లపాటు హక్కు వారసులదే. నటీనటులకు తమ ప్రదర్శన మీద 50 ఏళ్ల హక్కు విడిగా ఉంది. ఊరూరా నాటికలు లైవ్ పెడుతున్న ఈ రోజుల్లో ఇది తెలియాల్సింది మనకే. ఇప్పుడు మేం రచయితతో పారితోషికం ముందే మాట్లాడుకుంటున్నాం. మేకప్‌కి కూర్చోకముందే నటులకు ఒక పేజీ ఒప్పంద పత్రం చదివి వినిపించి, సంతకాలు తీసుకుంటున్నాం. పేరున్న నటుడికీ, ద్వారపాలకుడి వేషం వేసిన కుర్రాడికీ ఒకటే కాగితం. అది నాకెంతో తృప్తి.

నిధుల పేపరూ బాగుంది. చందాలు, సావనీరు ప్రకటనలు తప్ప మనకి వేరే దారి తెలీదు కదా. ఏడాదికి 5 కోట్ల నికర లాభం వచ్చే కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఖర్చుపెట్టాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. ఆ డబ్బు ఖర్చుపెట్టదగ్గ పనుల జాబితాలో సంప్రదాయ కళలు కూడా ఉన్నాయి. రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీలు మన పక్కనే ఉన్నాయి. వాళ్ల దగ్గరికి వెళ్లాలంటే మాత్రం సంఘానికి రిజిస్ట్రేషను, ఆదాయపు పన్ను శాఖ దగ్గర పన్ను మినహాయింపు నమోదులు (1961 చట్టంలో సంఘానికి 12ఏ, దాతలకు 80జీ అనేవాళ్లు), సీఎస్ఆర్ నిధులు అందుకోవడానికి ఇచ్చే సీఎస్ఆర్-1 నంబరు ఉండాలి. ఇవేవీ లేక తోలుబొమ్మలాట, గరగ నృత్యం బృందాలు అర్హత ఉండీ బయటే నిలబడిపోతున్నాయి. కళాబృందాల్లో గురువుకీ, శిష్యులకీ కేంద్ర సాంస్కృతిక శాఖ ఇచ్చే గురుశిష్య పరంపర గ్రాంటు గురించి కూడా క్లాసులోనే మొదటిసారి విన్నాను.

మార్కెటింగ్ పాఠాలు నిరాశపరిచాయి. ఉదాహరణలన్నీ లండన్, న్యూయార్క్ థియేటర్లవే. టికెట్ల అమ్మకం చుట్టూ తిరిగే ఆ లెక్కలు అరుగు మీద తాటాకు పందిట్లో నాటకం ఆడించేవాళ్లకు ఎలా సరిపోతాయి? అడిగితే మాస్టారు విసుక్కోలేదు, చివరి ప్రాజెక్టు మా పరిషత్తు బడ్జెట్ మీదే చేసుకోనిచ్చారు. ఓటీటీ, సంగీత హక్కులు పైపైన చెప్పారు. ఉద్యోగాల మాటకొస్తే, క్యాంపస్‌కి వచ్చినవి ఎక్కువగా పెళ్లిళ్ల ఈవెంట్ సంస్థలే. ఉద్యోగం కోసమే అయితే నేను చేరమని చెప్పను.

ఇప్పటికే ఒక బృందమో, పరిషత్తో చేతిలో ఉన్నవాళ్లు నిస్సంకోచంగా చేరండి. కాపీరైట్ పేపరు చెప్పేది కోర్టులో వాదించే వకీలేనా, ఇంటర్న్‌షిప్ సొంత ఊరి సంస్థలో చేయనిస్తారా అన్నవి మాత్రం ఫీజు కట్టకముందే రాతపూర్వకంగా అడగండి.