చిన్న బోటుకు బెల్టు బ్యాటరీ బాక్సు: బాక్సు కొనండి, దాంతో వచ్చే స్క్రూలు వాడకండి

కాకినాడ, ఉప్పాడ, విశాఖ తీరాల్లో వేటకెళ్లే ఫైబర్ బోట్లలో బ్యాటరీకి పని బాగా పెరిగింది. జీపీఎస్, వైర్‌లెస్ సెట్టు, ఫిష్ ఫైండర్, రాత్రి లైట్లు అన్నీ 12 వోల్టుల మీదే నడుస్తాయి. సెల్ఫ్ స్టార్టు ఉన్న ఔట్‌బోర్డు (బోటు వెనక బయట తగిలించే) మోటారైతే స్టార్టింగూ దాని మీదే. అంత పని చేసే బ్యాటరీని క్రేటులో పెట్టి తాడు చుట్టడం, బల్ల కిందకు తోసి పక్కన చెక్క ముక్క ఇరికించడం తరచూ కనిపిస్తుంది. దానికి బదులుగా మార్కెట్లో దొరికేది బెల్టు బ్యాటరీ బాక్సు. నల్లటి పాలీప్రొపిలీన్ తొట్టి, పైన మూత, చుట్టూ ఒక బెల్టు, బెల్టు దూరడానికి రెండు చిన్న ప్లాస్టిక్ క్లీట్లు, వాటిని బిగించడానికి నాలుగు స్క్రూలు. అట్‌వుడ్, నోకో లాంటి అమెరికా కంపెనీలు ఈ రకం బాక్సులు చేస్తాయి. అదే రూపంలో పేరులేనివీ బోలెడు వస్తున్నాయి.

ముందే చెప్పేస్తున్నాం, బాక్సు మంచిదే. యాసిడ్‌కు పాడవదు, ఉప్పుగాలికి తుప్పు పట్టదు, టెర్మినళ్ల మీద స్పానరు పడకుండా కాపాడుతుంది. అయితే బ్యాటరీని కదలకుండా పట్టి ఉంచేది బాక్సు కాదు. ఆ భారమంతా బెల్టు మీద, బెల్టును పట్టుకున్న క్లీటు మీద, క్లీటును పట్టుకున్న స్క్రూ మీద, చివరికి ఆ స్క్రూ దిగిన డెక్కు మీద పడుతుంది. కంపెనీ పంపేది స్క్రూ వరకే. అసలు సమస్య అక్కడే మొదలవుతుంది.

సైజు సంగతి ముందు తేల్చుకోవాలి. ఈ బాక్సులు అమెరికా లెక్కలో గ్రూప్ 24, గ్రూప్ 27, గ్రూప్ 31 అని వస్తాయి. మన బ్యాటరీల మీద ఆ అంకెలు ఉండవు కాబట్టి లేబులు చదవాలి. డి26 అని ఉంటే పొడవు సుమారు 260 మిల్లీమీటర్లు, డి31 అని ఉంటే సుమారు 306. రెండిటికీ వెడల్పు 173, టెర్మినల్‌తో కలిపి ఎత్తు 225 దాకా. డి26కు గ్రూప్ 24 బాక్సు, డి31కు గ్రూప్ 27 బాక్సు సరిపోతాయి. డిన్ (యూరప్ కొలతల) రకం కారు బ్యాటరీలు 190 ఎత్తే ఉంటాయి కాబట్టి బాక్సులో దిగుతాయి గానీ పైన ఖాళీ మిగులుతుంది. ఇంటి ఇన్వర్టరుకు వాడే పొడవాటి ట్యూబులర్ బ్యాటరీ ఎత్తు 400 మిల్లీమీటర్లకు అటూఇటూ ఉంటుంది. అది ఏ బాక్సులోనూ పట్టదు, పట్టినా బోటులో పెట్టకూడదు. ఎత్తెక్కువ, బరువెక్కువ, ఊగే చోట నిలబడదు.

గ్రూప్ 24 నుంచి 31 వరకు అన్నిటికీ ఒకే బాక్సు అని రాసి ఉంటే జాగ్రత్త. డి26 బ్యాటరీని అందులో పెడితే పొడవు వైపు వేళ్లు దూరేంత సందు మిగులుతుంది. అల ఎత్తి పడేసిన ప్రతిసారీ 20 కిలోలకు అటూఇటూ ఉండే బరువు ఆ సందులో అటూ ఇటూ కొట్టుకుంటుంది. ముందు బాక్సు మూల పగులుతుంది, తర్వాత టెర్మినల్ దగ్గర లగ్గు (కేబులు చివర ఉండే లోహపు ముక్క) వదులవుతుంది. సందులో హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పలకలు కోసి బిగుతుగా పెట్టండి. పాత ప్లాస్టిక్ కటింగ్ బోర్డు ముక్కలు చాలు. థర్మోకోల్ పెట్రోలు తగిలితే కరిగిపోతుంది, స్పాంజి యాసిడ్ పీల్చి తడిగా ఉండిపోతుంది. రెండూ వద్దు.

ఎక్కడ పెట్టాలన్నది కూడా బాక్సు ఎంపికలో భాగమే. చిన్న బోట్లలో మోటారు, పెట్రోలు క్యాను, బ్యాటరీ అన్నీ అమరం (బోటు వెనక భాగం) వైపు ఒకే అరలో చేరతాయి. కేబులు పొట్టిగా సరిపోతుందని అలా చేస్తారు, కానీ అన్నిటికంటే ప్రమాదకరమైన అమరిక ఇదే. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, కాబట్టి కిందికి దిగి అరలో పేరుకుంటుంది. ఛార్జింగులో బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ తేలిక, పైకి చేరుతుంది. మూసిన అరలో కింద ఒకటి, పైన ఒకటి, మధ్యలో వదులైన టెర్మినల్ దగ్గర నిప్పురవ్వ. అమెరికా కోస్ట్ గార్డు నిబంధనల్లో (అవి పెట్రోలు ఇన్‌బోర్డు ఇంజిన్లు, అంటే లోపల బిగించిన ఇంజిన్లున్న బోట్లకు రాసినవి) బ్యాటరీ ఇంధన ట్యాంకుకు నేరుగా పైనా ఉండకూడదు, కిందా ఉండకూడదు. మన ఔట్‌బోర్డు బోట్లకు ఆ చట్టం వర్తించకపోయినా కారణం మాత్రం అక్షరాలా వర్తిస్తుంది. బ్యాటరీని ఒక బల్ల ముందుకు జరపండి. బోటు మధ్యగీతకు దగ్గరగా, వీలైనంత కిందగా, అడుగున చేరే నీటికి అందనంత ఎత్తులో పెట్టండి. కేబులు పొడవు పెరిగిన మేరకు మందమూ పెంచండి.

ఇక స్క్రూలు. బాక్సుతో వచ్చేవి సన్నటి సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూలు. చిన్న బోటు డెక్కు ఫైబరు నాలుగైదు మిల్లీమీటర్ల మందం ఉంటుంది, అందులో స్క్రూ మరలు రెండు మూడే పట్టుకుంటాయి. మొదటి రోజు గట్టిగానే ఉంటుంది. ఒడ్డు దగ్గర అలలు కొట్టే చోట కొన్నాళ్లు తిరిగాక క్లీటు పక్కన చూస్తే జెల్‌కోటు (ఫైబరు మీది నున్నటి పైపూత) మీద తెల్లటి నెలవంక లాంటి పగుళ్లు కనిపిస్తాయి. స్క్రూ తలను వేలితో తిప్పితే ఊరికే తిరుగుతుంది. అప్పటికి ఆ రంధ్రంలోంచి నీళ్లు కింది చెక్కలోకి దిగుతూనే ఉంటాయి.

చిన్న బోట్ల కరెంటు అమరికకు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 10133 (2020లో ఇది ఐఎస్ఓ 13297లో కలిసిపోయింది) పెట్టిన కొలత సులువైనది. బ్యాటరీ బరువుకు రెండింతల బలంతో లాగినా అది 10 మిల్లీమీటర్లకు మించి కదలకూడదు. అమెరికా కోస్ట్ గార్డు ఒక అంగుళం వరకు ఒప్పుకుంటుంది. కాకపోతే పైకి, ముందుకు, వెనక్కి, ఎడమకు, కుడికి ఒక్కో దిక్కున ఒక్కో నిమిషం లాగి చూడమంటుంది. ఇది ఒడ్డున చేసుకోగల పరీక్షే. చేపలు తూచే 50 కిలోల వేలాడే కాటా ఒకటి చాలు. బ్యాటరీ 22 కిలోలైతే బాక్సు నడుముకు తాడు చుట్టి, కాటా కొక్కెం తగిలించి, 44 కిలోలు చూపేదాకా లాగి నిమిషం పట్టుకోండి. కంపెనీ స్క్రూలతో సన్నటి డెక్కు మీద బిగించిన బాక్సు పైకి లాగే పరీక్షలో నిలుస్తుందని నమ్మకం పెట్టుకోవద్దు. చేత్తో ఊపి చూడటం పరీక్ష కాదు, ఊపినప్పుడు అన్నీ గట్టిగానే ఉన్నట్టు అనిపిస్తాయి.

సరిగ్గా బిగించాలంటే డెక్కు కింద చెయ్యి దూరుతుందా లేదా అన్నదాన్ని బట్టి రెండు దారులు. చెయ్యి దూరితే ఒక్కో క్లీటుకు 316 స్టెయిన్‌లెస్ ఎం6 బోల్టులు రెండు ఆరపార వేసి, కింద 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ ముక్క, వెడల్పాటి వాషర్లు, నైలాక్ నట్లు (కుదుపుకు వదులవకుండా లోపల నైలాన్ రింగు ఉన్నవి) పెట్టండి. రంధ్రాల అంచులకు ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే గట్టి రెజిన్) పూసి ఆరాక బోల్టు వెయ్యండి. ప్లాస్టిక్ క్లీట్ల బదులు స్టెయిన్‌లెస్ బెల్టు లూపులు దొరికితే అవే మేలు.

చెయ్యి దూరకపోతే, లేదా కాలి కింద ఉన్నది డెక్కు కాక బోటు అడుగే అయితే, ఒక్క రంధ్రం కూడా వెయ్యొద్దు. బాక్సు కంటే చుట్టూ 50 మిల్లీమీటర్లు పెద్దదిగా 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పీఠం కొయ్యండి. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్డే తీసుకోండి. బోల్టులను తల కిందికి ఉండేలా ముందే పీఠంలో దూర్చి, తలలు ప్లైవుడ్‌లోకి దిగేలా గుంట చెయ్యండి. అంటించాక అవి అందవు. బోటు ఉపరితలం మీద రంగు, జెల్‌కోటు గ్రైండరుతో తీసి ఫైబరు కనిపించేదాకా గరుకు చేసి, ఎసిటోన్‌తో తుడిచి, చిక్కటి ఎపాక్సీలో పీఠం కూర్చోబెట్టండి. అది గట్టిపడ్డాక అంచులు గుండ్రంగా చేసి, చుట్టూ బోటు మీదకు 75 మిల్లీమీటర్లు వచ్చేలా ఫైబరు రెండు పొరలు వెయ్యండి. మామూలు పాలిస్టర్ రెజిన్ చెక్కకు ఎపాక్సీ అంత గట్టిగా అంటదు. ఈ పని ఎపాక్సీతోనే చెయ్యడం మంచిది. చౌక ఎపాక్సీ కోసం వెతక్కండి, పీఠం లేచిపోతే మిగతాదంతా వృథా.

బెల్టు గురించి రెండు మాటలు. దాంతో వచ్చే ప్లాస్టిక్ బకిల్‌లో పళ్లు సన్నగా ఉంటాయి. ఉప్పు పేరుకుంటే అవి పూర్తిగా దిగవు, బెల్టు కొంచెం కొంచెంగా జారుతుంది. ఎండకు పాలీప్రొపిలీన్ బెల్టు పొడిపొడిగా రాలిపోతుంది. 38 లేదా 50 మిల్లీమీటర్ల పాలిస్టర్ బెల్టు, లోహపు బకిల్ ఉన్నది వేరే కొనండి. ఖర్చు కొద్దిదే.

మూత విషయంలో కంపెనీల డిజైను మెచ్చుకోదగ్గది. అంచు కింద గాలి సందులుంటాయి, తుంపర నేరుగా లోపలికి రాదు, గ్యాసు మాత్రం బయటికి పోతుంది. చాలామంది నీళ్లు రాకుండా ఆ సందులకు సిలికాన్ పూస్తారు, టేపు చుడతారు. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే చాలు, అంటుకుంటుంది. నీళ్లు పోసే బ్యాటరీని ఎప్పుడూ గాలి ఆడని డబ్బాలో పెట్టకూడదు. తొట్టి అడుగున రంధ్రం చేసి నీళ్లు పోనిద్దామనీ అనుకోవద్దు. బ్యాటరీ పగిలితే యాసిడ్ బోటులోకి కారకుండా ఆపేది ఆ అడుగే. పైగా సముద్రపు నీరు బ్యాటరీ లోపలికి చేరితే క్లోరిన్ వాయువు పుడుతుంది. తొట్టిలో చేరిన తుంపర నీళ్లను గుడ్డతో తియ్యాల్సిందే.

మూత మీద యూఎస్‌బీ సాకెట్లు, సిగరెట్ లైటర్ సాకెట్టు, స్విచ్చి ఉన్న రకం కూడా అమ్ముతున్నారు. సీలు చేసిన, నీళ్లు పోయక్కర్లేని ఏజీఎం బ్యాటరీతో చిన్న చెరువు బోటుకు, కయాకుకు అది బాగానే పనికొస్తుంది. నీళ్లు పోసే బ్యాటరీకి మాత్రం వద్దు. గ్యాసు వచ్చే చోటే నిప్పురవ్వ వచ్చే స్విచ్చి పెట్టినట్టవుతుంది. మెయిన్ స్విచ్చి బాక్సు బయటే ఉండాలి.

ఫ్యూజు బాక్సుతో రాదు, కానీ అది లేకుండా ఈ అమరిక పూర్తి కాదు. ప్లస్ నుంచి లైట్లకు, సెట్లకు వెళ్లే వైరుకు టెర్మినల్ నుంచి 200 మిల్లీమీటర్ల లోపే ఫ్యూజు ఉండాలి. నిప్పురవ్వ బయటికి రాకుండా సీలు చేసిన మెరైన్ రకమే కొనండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరైతే 15 ఆంపియర్లు. స్టార్టరు కేబులుకు ఫ్యూజు ఉండదు కాబట్టి ఆ కేబులు ఎక్కడా ఒరుసుకోకుండా చూడాలి. బాక్సు గోడలోంచి బయటికొచ్చే చోట రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకు తొడిగే రింగు) పెట్టి, తర్వాత 450 మిల్లీమీటర్లకు ఒక క్లిప్పు కొట్టండి. మొసలి క్లిప్పులు, చేత్తో తిప్పే రెక్కల నట్లు వద్దు, అల కుదుపుకు వదులవుతాయి. తగరం పూసిన రాగి లగ్గు, క్రింపింగు, స్పానరుతో బిగించే నట్టు, పైన రబ్బరు టోపీ.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టేవాళ్లకూ ఇదే బాక్సు పనికొస్తుంది. 100 ఆంపియర్ అవర్ల సీసపు బ్యాటరీ 28, 30 కిలోలుంటే లిథియంది 11 నుంచి 13 కిలోలే. బిగింపుకు అంత భారం తగ్గుతుంది. మామూలుగా హైడ్రోజన్ కూడా రాదు. వేరే చిక్కులున్నాయి. షార్టయితే అది వదిలే కరెంటు చాలా ఎక్కువ, అందుకే దానికి అంత కరెంటునూ తెంచగల క్లాస్ టీ రకం ఫ్యూజు వాడతారు. చాలా రకాలు 45 డిగ్రీలు దాటాక ఛార్జి చెయ్యొద్దంటాయి. మే నెల ఎండలో నల్లటి బాక్సు లోపల ఆ వేడి రావడం కష్టమేమీ కాదు. బల్ల కింద నీడలో పెట్టండి, మూతకు తెల్ల రంగు వెయ్యండి. పాత ఈ-స్కూటర్ల నుంచి తీసిన ప్యాకులు మాత్రం ఏ బాక్సులో పెట్టినా బోటెక్కించకండి. అవి చాలావరకు వేరే రసాయనంతో చేసిన సెల్స్, అంటుకుంటే ఆపడం మన చేతిలో ఉండదు.

ఇదే పనికి మార్కెట్లో దొరికే మరో సరుకు ట్రే, రెండు పొడవాటి రాడ్లు, పైన అడ్డపట్టీ. పట్టు విషయంలో ఇది బెల్టు కంటే గట్టిది, సందు సమస్యే లేదు. కానీ పైన మూత ఉండదు, అడ్డపట్టీ లోహమైతే ప్లస్‌కు తగిలే ప్రమాదం ఉంది. మూసిన అరలో పెట్టేవాళ్లు, ప్లాస్టిక్ తొడుగున్న పట్టీ దొరికితేనే, రెండు టెర్మినళ్లకూ టోపీలు పెట్టి తీసుకోవచ్చు. స్థానికంగా ప్లైవుడ్, ఫైబరుతో చేయించే పెట్టె కొలతకు సరిగ్గా కుదురుతుంది. పై భాగంలో రెండు పక్కలా 25 మిల్లీమీటర్ల గాలి రంధ్రాలు పెట్టించడం మర్చిపోవద్దు. లోపలి మూలలకు కూడా రెజిన్ పట్టించడం మర్చిపోతే మాత్రం యాసిడ్ చెక్కను తినేస్తుంది.

తెరిచిన బోటు, నీళ్లు పోసే డి26 లేదా డి31 బ్యాటరీ, బిగింపు పని సొంతంగా చేసుకునే ఓపిక ఉంటే ఈ బెల్టు బాక్సే మా మొదటి ఎంపిక. నెలకోసారి మూత తీసి, బెల్టు బిగించి, టెర్మినళ్ల మీద తెల్లపొడి కనిపిస్తే వంటసోడా కలిపిన నీళ్లతో తుడవండి. సెల్ మూతలు మూసి ఉంచండి, సోడా నీళ్లు లోపలికి చేరితే బ్యాటరీ పాడవుతుంది. వర్షాకాలం వేటకు ముందు కాటా పరీక్ష మళ్లీ చెయ్యండి.