పిల్లలతో, పాత మిత్రులతో మళ్ళీ ఓరుగల్లుకి

హైదరాబాద్ నుంచి పొద్దున్నే బయల్దేరితే వరంగల్ చూసుకుని రాత్రికి ఇంటికొచ్చేయొచ్చని చాలామంది అంటారు. వేయి స్తంభాల గుడి, భద్రకాళి, కోట చుట్టి రావడానికైతే సరిపోతుంది. కానీ అక్కడ చదువుకున్న వాళ్ళం, భార్యాపిల్లలతో, తోటి మిత్రులతో కలిసి వెళ్ళాలనుకుంటే మాత్రం తీరిగ్గా రెండు మూడు రోజులు పెట్టుకోవాలి. లేకపోతే అటు కాలేజీ సరిగ్గా చూసినట్టుండదు, ఇటు పిల్లలకి ఊరు చూపించినట్టూ ఉండదు.

మేం తొంభైల్లో ఆర్‌ఈసీ వరంగల్‌లో, అంటే రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీలో చదువుకున్నాం. 2002లో అది ఎన్‌ఐటీ అయింది గానీ మా నోటికి ఇప్పటికీ ఆర్‌ఈసీయే. దేశంలో మొట్టమొదటి ఆర్‌ఈసీ అదే. 1959 అక్టోబర్ 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. సగం సీట్లు మన రాష్ట్రం వాళ్ళకి, సగం బయటి రాష్ట్రాల వాళ్ళకి ఉండేవి. అందుకే గుంటూరు జిల్లా పల్లెటూరి నుంచి వచ్చిన నాకు ఒక మలయాళీ రూమ్మేట్ దొరికాడు. ఈ ప్రయాణానికి అసలు కారణం వాడే. "నా పిల్లలకి వరంగల్ చూపించాలిరా, డిసెంబర్ సెలవుల్లో వస్తున్నా, నువ్వూ రా" అని ఫోన్ చేశాడు. హైదరాబాద్‌లో ఉన్న మరో ఇద్దరు కుటుంబాలతో కలిశారు. నేను, మా ఆవిడ, ఇంటర్ చదివే అబ్బాయి, కూచిపూడి నేర్చుకుంటున్న అమ్మాయి, వాళ్ళతో పాటు మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ. అమ్మ ఉండబట్టే ఎక్కడ మెట్లు ఉన్నాయి, ఎక్కడ కూర్చునే చోటు ఉంది అన్నది నాకు బాగా గుర్తుంది. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని ఆ సంగతులు కూడా రాస్తున్నాను.

ముందు రైలు సంగతి. విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్ళకి గోల్కొండ, శాతవాహన, కృష్ణా ఎప్పటిలాగే ఉన్నాయి. కాలేజీకి దగ్గరి స్టేషన్ కాజీపేట. విశాఖ - సికింద్రాబాద్ వందే భారత్‌లో వస్తే వరంగల్ స్టేషన్‌లో దిగాలి, అది కాజీపేటలో ఆగదు. హనుమకొండలో బస చేసేవాళ్ళకి ఎక్కడ దిగినా ఒకటే, రెండు చోట్లా ఆటోలు దొరుకుతాయి. మా మలయాళీ మిత్రుడు ఆ రోజుల్లో కేరళ ఎక్స్‌ప్రెస్‌లో ఒక రాత్రీ పగలూ కూర్చుని వచ్చేవాడు. ఇప్పుడు శంషాబాద్‌లో విమానం దిగి కారులో వచ్చేశాడు.

బస విషయంలో నా సలహా ఒకటే. హనుమకొండలో, సుబేదారి, నక్కలగుట్ట వైపు తీసుకోండి. కాలేజీకి పది పదిహేను నిమిషాలు, వేయి స్తంభాల గుడికి అంతకంటే తక్కువ. తినడానికి, మందుల షాపుకి, ఏటీఎంకి ఎక్కడికీ దూరం ఉండదు. మేం దిగిన ప్రైవేట్ హోటల్‌లో గదులు శుభ్రంగానే ఉన్నాయి, వేడినీళ్ళు ఎప్పుడడిగితే అప్పుడు వచ్చాయి. అమ్మ కోసం కింది అంతస్తులో గది కావాలంటే మారు మాట్లాడకుండా మార్చి ఇచ్చారు. అయితే అదే హోటల్‌లో బాంకెట్ హాల్ ఉంది. మొదటి రాత్రే రిసెప్షన్. డీజే మోత అర్ధరాత్రి దాటినా ఆగలేదు. కిందకి వెళ్ళి చెప్తే "అయిపోతుంది సార్, అయిపోతుంది" అన్నారే తప్ప సౌండ్ తగ్గలేదు. పొద్దున అమ్మ ముఖం చూసి నాకు చాలా బాధనిపించింది. పెళ్ళిళ్ళ సీజన్‌లో వెళ్ళేవాళ్ళు గది బుక్ చేసేటప్పుడే ఆ తేదీల్లో ఫంక్షన్ ఉందా అని అడగండి. మా వాళ్ళలో ఒక కుటుంబం నక్కలగుట్టలో పర్యాటక సంస్థ వాళ్ళ హరిత కాకతీయలో దిగింది. వాళ్ళకి ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టింది.

కాలేజీకి మొదటి రోజు పొద్దున్నే వెళ్ళాం. గేటు దగ్గర పాత విద్యార్థులమని చెప్తే చాలదు. లోపలికి రావడానికి ముందే అనుమతి తీసుకుని, గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోవాలి. మా బ్యాచ్‌మేట్ ఒకడు ఆ పని ముందే చూసిపెట్టాడు కాబట్టి ఇబ్బంది లేకుండా వెళ్ళాం. లోపల కొత్త భవనాలు చాలా లేచాయి. కొత్త హాస్టల్ ఎంత పెద్దదంటే మా అందరి హాస్టళ్ళూ కలిపినా దానికి సాటి రావనిపించింది. అయినా ఆ చెట్ల నీడలో రోడ్డు, అడ్మినిస్ట్రేషన్ భవనం ముందు ఆ ఖాళీ జాగా చూడగానే మా నలుగురికీ మాట పడిపోయింది. పిల్లలు ఫొటోలు తీసుకున్నారు, గంటన్నరకి వాళ్ళకి ఆకలేసింది. అంతకంటే ఎక్కువసేపు వాళ్ళని అక్కడ తిప్పకపోవడమే మంచిది. మన జ్ఞాపకం మనకి ముద్దు. వాళ్ళకి అది ఒక కాలేజీ, అంతే. మధ్యాహ్నం వాళ్ళని హోటల్‌లో దింపి, మేం నలుగురమే మళ్ళీ బయల్దేరాం.

వెళ్ళింది కాజీపేట దగ్గరి సోమిడికి. మా మెస్‌లో వడ్డించిన అన్న రిటైరై అక్కడ ఉంటున్నాడని తెలిసింది. ఎలా గుర్తుపడతాడు, ఎన్ని వేల మందికి వడ్డించాడు అనుకుంటూనే వెళ్ళాం. వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను, మిగతా ఇద్దరినీ తేరిపార చూశాడు, పోల్చుకోలేకపోయాడు. మా మలయాళీ వాడిని చూడగానే మాత్రం "నువ్వు పెరుగు సారువి గదా! అన్నం మొత్తం పెరుగుతోనే తింటుంటివి" అన్నాడు. వాడు ఆయన చెయ్యి పట్టుకుని "మంచిగున్నవా అన్నా" అని వరంగల్ తెలుగులో పలకరించాడు. ఆ తెలుగు వాడికి నేర్పింది నేను కాదు, ఆయనే. రూమ్‌లో నా తెలుగు వినీ, మెస్‌లో ఆయన తెలుగు వినీ, చివరికి ఆయన భాషనే పట్టుకున్నాడు. ఆయన భార్య మాకు చాయ్‌తో పాటు వేడివేడి సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, శనగపప్పు, కరివేపాకు కలిపి, గిన్నె లోపల అంటించి, మధ్య మధ్య వేలితో చిల్లులు పెట్టి నూనె పోసి కాల్చేది. అడుగు కరకరలాడుతూ, పైన మెత్తగా ఉంది. మూడు రోజుల్లో మేం తిన్న వాటన్నిటిలో అదే గొప్పది, ఏ హోటల్‌లోనూ అంత బాగా దొరకలేదు. వచ్చేటప్పుడు చీకటి పడింది. ఆయన రోడ్డు దాకా వచ్చి మమ్మల్ని సాగనంపాడు.

రెండో రోజు మొత్తం పాలంపేటలో ఉన్న రామప్ప గుడికి ఇచ్చాం. అలా ఇవ్వాల్సిందే కూడా. హనుమకొండ నుంచి డెబ్బై కిలోమీటర్ల దాకా ఉంటుంది. టెంపో ట్రావెలర్ మాట్లాడుకున్నాం. కిలోమీటర్ లెక్కా, డ్రైవర్ బత్తా, పార్కింగ్ ఎవరు కట్టాలి అన్నది ముందే తేల్చుకోవడం వల్ల చివర్లో పేచీ రాలేదు. డ్రైవర్ ములుగు కుర్రాడు, బండి నెమ్మదిగా నడిపాడు, అమ్మ కోసం రెండు చోట్ల అడక్కుండానే ఆపాడు. ములుగు దాకా హైవే బాగుంది, తర్వాత పాలంపేట దారిలో పొలాలూ చెరువులూ.

చదువుకునే రోజుల్లో మేం రామప్పకి పిక్నిక్‌కి వచ్చి చెరువుగట్టున కూర్చుని వెళ్ళిపోయేవాళ్ళం. ఈసారి గైడ్‌ని పెట్టుకున్నాం. గైడ్ లేకుండా అక్కడికి వెళ్ళకండి. 1213లో కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది. కట్టించిన వాడి పేరుతో కాక శిల్పి రామప్ప పేరుతో పిలుస్తున్నామని జనం చెప్పుకుంటారు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. సివిల్ ఇంజనీరుగా నన్ను నిలబెట్టేసినవి రెండు. పునాది గుంటని ఇసుకతో నింపి దాని మీద ఇంత రాతి బరువు నిలిపారు, భూమి కదిలినా ఆ ఇసుక దెబ్బని మింగేస్తుందని. పైన శిఖరానికేమో నీళ్ళలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు, కింద బరువు పడకూడదని. అడుగున ఒక ఆలోచన, పైన ఒక ఆలోచన, రెండూ ఒకే గుడి కోసం. మా అబ్బాయి "నాన్నా, ఇది మీ సిలబస్‌లో ఉందా?" అని అడిగాడు. లేదు. ఉండి ఉంటే ఎంత బాగుండేది! కాలేజీకి ఇంత దగ్గర్లో ఉన్న పునాది అది.

మా అమ్మాయి మాత్రం నల్లరాతి మదనికల దగ్గర, అంటే చూరు కింద నిలబెట్టిన స్త్రీ శిల్పాల దగ్గర నుంచి కదల్లేదు. పక్క నుంచి, కింద నుంచి, మెడ పైకెత్తి చూస్తూ ఒక్కో భంగిమ కింద తను కూడా అలా నిలబడింది. ఒక శిల్పంలో స్త్రీ కాలికి మడమ ఎత్తున్న చెప్పులు ఉన్నాయని గైడ్ చూపిస్తే పిల్లలందరూ అక్కడే గుమిగూడారు. నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు కాకతీయుల నాటి పేరిణి నృత్యాన్ని మళ్ళీ బతికించడానికి ఈ గుడి శిల్పాలనే చూసి చూసి పట్టుకున్నారని చెప్తే అమ్మాయి కళ్ళు మెరిశాయి. గైడ్ లోపల ద్వారం పక్కన ఒక చెక్కడం దగ్గర సన్నటి దారం తీసి, రాతిలోని చిల్లులోంచి దూర్చి అవతలికి లాగి చూపించాడు. ఆ దారం తప్ప ఇంకేదీ పట్టనంత సన్నటి సందు అది. ఉలి అక్కడిదాకా ఎలా వెళ్ళిందో ఊహకి అందలేదు. బయట నంది దగ్గర అమ్మ చాలాసేపు కూర్చుంది. ఏ వైపు నుంచి చూసినా మన వైపే చూస్తున్నట్టుంటుంది. మెడలో మువ్వలు ఒక్కొక్కటీ విడివిడిగా చెక్కి ఉన్నాయి.

అమ్మకి ఇబ్బంది అయింది మెట్ల దగ్గరే. గుడి ఎత్తైన పీఠం మీద ఉంది, మెట్లు ఎత్తుగా ఉంటాయి, పట్టుకోవడానికి మనిషి ఉండాలి. చెప్పులు లేకుండా నడవాలి కాబట్టి డిసెంబర్‌లో కూడా మధ్యాహ్నానికి రాళ్ళు కాళ్ళకి చురుక్కుమంటాయి. పొద్దున తొమ్మిదికల్లా అక్కడ ఉంటే జనమూ తక్కువ, ఎండా తక్కువ. మేజోళ్ళు తెచ్చుకోండి.

అక్కడి నుంచి లక్నవరం వెళ్ళాం. చెరువు మధ్య దీవులు, వేలాడే వంతెన, చుట్టూ అడవి అన్నీ అందంగానే ఉన్నాయి. కానీ డిసెంబర్ సెలవులు కదా, వంతెన మీద అడుగు తీసి అడుగు వేయలేనంత జనం. బోటు కోసం క్యూలో నిలబడి పిల్లలు నీరసపడిపోయారు. మామూలు రోజుల్లో వెళ్తే సరే, పండగ సెలవుల్లో అయితే మానేసి ఆ సమయం కూడా రామప్పలోనే గడపండి.

ఊళ్ళో చూసినవి క్లుప్తంగా చెప్తాను. వేయి స్తంభాల గుడి 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించింది. శివుడికి, విష్ణువుకి, సూర్యుడికి మూడు గర్భగుళ్ళు. మా రోజుల్లో చూసిన కళ్యాణ మండపాన్ని తర్వాత విప్పదీశారు, ఏళ్ళ తరబడి రాళ్ళు కుప్పలుగా పడి ఉన్నాయని విన్నప్పుడల్లా మనసు చివుక్కుమనేది. 2024 మార్చిలో తిరిగి తెరిచారు. ఆ స్తంభాల మధ్య నిలబడి నా మిత్రులిద్దరూ దండం పెట్టుకున్నారు. భద్రకాళి అమ్మవారి దర్శనానికి తెల్లవారుజామునే వెళ్ళండి. కోటలో కీర్తి తోరణాలు చూసి మా అబ్బాయి "ఇది తెలంగాణ ప్రభుత్వం ముద్ర మీద ఉన్నదే కదా" అని గుర్తుపట్టాడు. స్వయంభూ శివాలయం పడిపోయినా నాలుగు వైపులా తోరణాలు నిలబడే ఉన్నాయి. పక్కన ఖుష్ మహల్‌లో కోటలో దొరికిన శిల్పాలు పెట్టారు. అక్కడ అంతా చదునుగా ఉంటుంది, అమ్మ మెల్లగా నడుచుకుంటూ మొత్తం చూసింది. పెద్దవాళ్ళకి రామప్ప కంటే కోట తేలిక.

బయల్దేరే రోజు మా ఆవిడ పట్టుబట్టి నేతవాళ్ళుండే కొత్తవాడ తీసుకెళ్ళింది, జంపఖానాల కోసం, అంటే నేల మీద పరిచే మందపాటి నేత తివాచీల కోసం. వరంగల్ జంపఖానాలకి 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. నేత వాళ్ళ ఇంట్లోనే కొన్నాం. గుంట మగ్గం మీద నేస్తున్న ఆయన పని ఆపి, అంచు తిప్పి చూపించి, రంగు ఎందుకు పోదో, ఎలా ఉతకాలో ఓపిగ్గా చెప్పాడు. దగ్గర కూర్చుని మగ్గం చూసిన తర్వాత ధర తగ్గించమని అడగడానికి మా ఆవిడకి నోరు రాలేదు. మలయాళీ మిత్రుడి భార్య మూడు తీసుకుంది.

వర్షాలు పడ్డాక వాజేడు దగ్గర బొగత జలపాతం చూడాలని పిల్లలు అప్పుడే తేల్చేశారు. జూలై నుంచి సెప్టెంబర్ మధ్యలో వెళ్ళాలి, డిసెంబర్‌లో దాంట్లో ఆ జోరు ఉండదు. అప్పుడు బస హనుమకొండలో కాకుండా ములుగు వైపు చూసుకుంటే దూరం కలిసొస్తుంది. ట్రావెలర్ కుర్రాడి నంబర్ దాచుకున్నాం. సోమిడి అన్నకి కూడా చెప్పే వచ్చాం, ఈసారి పిల్లల్ని తీసుకుని వస్తామని.