లాంగ్జాలో నాలుగు రాత్రులు: వేడి గది ఒక్కటే ఉన్న ఇల్లు

ఈ హోమ్‌స్టేకి నేను ఐదుకి నాలుగున్నర ఇస్తున్నాను. ఆ అర ఎందుకు తగ్గించానో కింద రాస్తాను. మాది పలాస దగ్గర పల్లెటూరు, టీచరు ఉద్యోగం. సంక్రాంతి సెలవులకి ఇంకొన్ని రోజులు లీవు కలిపి మా ఆయన, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి, ఆర్మీలో చేసి వచ్చిన మా తమ్ముడు, నేను, నలుగురం వెళ్ళాం. పెద్ద పండక్కి ఇంట్లో లేమని మా అమ్మ చాలా బాధపడింది, వెళ్ళొచ్చాక ఫొటోలు చూపించేదాకా సరిగ్గా మాట్లాడలేదు. కానీ అమ్మాయికి ఆరో తరగతి నుంచీ ఒకటే కోరిక, మంచు చూడాలని. మా దగ్గర మంచు అంటే తెల్లారి జీడితోటల మీద కమ్ముకునే పొగమంచే. చేత్తో పట్టుకునే మంచు ఎలా ఉంటుందో నాకూ తెలీదు.

ఊరి పేరు లాంగ్జా, హిమాచల్‌లోని స్పితి లోయలో, కాజా అనే చిన్న పట్టణానికి పైన సుమారు 16 కిలోమీటర్లు. ఎత్తు సుమారు 4,400 మీటర్లు. చలికాలంలో మనాలి వైపు నుంచి దారి ఉండదు, కుంజుమ్ కనుమ మంచుతో మూసుకుపోతుంది. మనాలి దగ్గర కొండ కింద అటల్ టన్నెల్ వచ్చింది కదా, నేరుగా వెళ్ళిపోవచ్చు కదా అని చాలామంది అడుగుతున్నారు. ఆ టన్నెల్ పక్క లోయ లాహౌల్ దాకానే, అక్కడి నుంచి స్పితికి రావాలంటే మళ్ళీ కుంజుమ్ ఎక్కాల్సిందే. కాబట్టి సిమ్లా, రాంపూర్, రెకాంగ్ పియో, నాకో, తాబో మీదుగా రావాలి. సిమ్లా నుంచి కాజాకి సుమారు 420 కిలోమీటర్లు. దీన్ని ఒక్క రోజులో కొట్టేద్దాం అనుకునేవాళ్ళు దయచేసి ఈ ప్రయాణం పెట్టుకోవద్దు. మేం కల్పలో ఒక రాత్రి, తాబోలో ఒక రాత్రి ఆగాం, కాజాలో రెండు అనుకున్నది మూడు అయ్యాయి, ఎందుకంటే రెండో రోజు పొద్దున్నకి అమ్మాయికి ఎత్తు వల్ల వచ్చిన తలనొప్పి తగ్గలేదు. తలనొప్పి ఉండగా పై ఊరికి కదిలేది లేదని మా తమ్ముడు గట్టిగా చెప్పేశాడు. మా ఆయన బుకింగ్ డబ్బులు పోతాయని కాస్త గొణిగారు గానీ తమ్ముడు వినలేదు, వాడన్నదే కరెక్టు. కాజాలో ఆసుపత్రి ఉంది, పైన ఏమీ లేదు. వెళ్ళేముందు ఇక్కడే మీ డాక్టరుని కలిసి, ఎత్తు ప్రదేశాల మాత్రల గురించి అడిగి వెళ్ళండి, బీపీ, గుండె, ఆయాసం ఉన్నవాళ్ళు మరీ ముఖ్యంగా.

భోగి నాడు తాబోలో ఉన్నాం. అక్కడి బౌద్ధ విహారం 996లో కట్టింది. మట్టి గోడలు, లోపల చీకటి, ఆ చీకట్లో గోడల నిండా బొమ్మలు. మన శ్రీకాకుళం జిల్లా శాలిహుండం కొండ మీద నిలబడితే ఇటుకల స్తూపం, కింద వంశధార కనిపిస్తాయి కదా, అక్కడ దీపాలు ఆరిపోయి ఎన్ని వందల ఏళ్ళయిందో. తాబోలో ఇంకా వెలుగుతున్నాయి. అదొక్కటే తలచుకుంటూ చాలాసేపు కూర్చున్నాను.

ఇక ఇంటి సంగతి. మందపాటి మట్టి గోడల ఇల్లు, చదును కప్పు, కప్పు అంచుల మీద కట్టెలూ గడ్డీ పేర్చి ఉన్నాయి. కింద పశువులు, పైన మనుషులు. ఊళ్ళో కరెంటు తీగలున్నాయి గానీ మంచు పడితే రోజుల తరబడి రాదు, మేం ఉన్న నాలుగు రోజులూ రాలేదు. మేడ మీద ఒక సోలార్ పలక, ఒక బ్యాటరీ, రెండు బల్బులు, ఒకసారికి ఒక ఫోన్ చార్జింగ్. మా ఫోన్లలో సిగ్నల్ అసలు రాలేదు. ఇది నాకు కొత్తగా అనిపించలేదు, 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను మా తీరాన్ని కొట్టినప్పుడు స్తంభాలూ కొబ్బరిచెట్లూ ఒకదాని మీద ఒకటి పడిపోయి, మేమూ ఇలాగే రోజుల తరబడి చీకట్లో, బిందెలు పట్టుకుని నీళ్ళ కోసం తిరిగాం. తేడా ఏంటంటే, మాకు అది విపత్తు, వాళ్ళకి ప్రతి ఏడూ వచ్చే ఋతువు. వాళ్ళు ఎండాకాలంలోనే అన్నీ సిద్ధం చేసి పెట్టుకుంటారు, గడ్డి, కట్టెలు, ఎండబెట్టిన కూరగాయలు, బార్లీ పిండి.

ఇంట్లో వేడి గది ఒకటే. మధ్యలో ఇనప పొయ్యి, పొగగొట్టం కప్పులోంచి బయటికి. దీన్ని బుఖారీ అని కూడా అంటారు, వాళ్ళు తందూర్ అంటారు. దాని చుట్టూ నేల మీద పరుపులు. వంట అక్కడే, భోజనం అక్కడే, వాళ్ళ పిల్లల చదువూ అక్కడే. అందులో వేసేది ఎక్కువగా పిడకలు, ఎందుకంటే ఆ ఎత్తులో చెట్లు లేవు, కట్టె అంతా కింద నుంచి రావాలి. మా అమ్మాయి పిడకల బుట్ట చూడగానే భోగి పిడకలమ్మా అని కేకేసింది. ఆ ఇంటి పెద్దావిడకి ఆ మాట అర్థం కాలేదు గానీ నా వచ్చీరాని హిందీలో చెప్తే, మీకూ ఆవులున్నాయా అని అడిగింది. అక్కడి నుంచి మా మాటలు ఆగలేదు.

మాకిచ్చిన పడక గది వేడి గదికి పక్కన. అందులో పొయ్యి లేదు. మా తమ్ముడి దగ్గర చిన్న థర్మామీటర్ ఉంది, రెండో రాత్రి కిటికీ బయట మైనస్ 19, గదిలో మైనస్ 4. తలగడ పక్కన పెట్టుకున్న నీళ్ళ సీసా తెల్లారేసరికి గడ్డ. ఆవకాయ సీసాలో నూనె మైనంలా బిగుసుకుపోయి చెంచా దిగలేదు, పొయ్యి పక్కన పెడితే అంచుల నుంచి మెల్లగా కరుగుతూ ఎర్రగా మెరిసింది. మనిషికి మూడేసి రజాయిలు ఇచ్చారు, కప్పుకుని కాసేపయ్యాక బాగానే నిద్ర పట్టింది. ఫోన్లు బయట పెడితే చలికి బ్యాటరీ పడిపోతుంది, రజాయి లోపల పెట్టుకున్నాం.

నీళ్ళ గురించి వివరంగా రాయాలి. కుళాయిలు గడ్డకట్టి ఉంటాయి. నీళ్ళు మోసుకు రావాలి, లేదా మంచు కరిగించాలి. మొదటి రోజు మా అమ్మాయి ఉత్సాహంగా పెద్ద గిన్నె నిండా మంచు నొక్కి తెచ్చి పొయ్యి మీద పెట్టింది, అంతా కరిగాక చూస్తే అడుగున రెండు గ్లాసుల నీళ్ళు. ఆ గిన్నె కరగడానికి నాలుగు పిడకలు పట్టాయి. ఆ తర్వాత మాలో ఎవ్వరం ఒక్క చుక్క వదల్లేదు. స్నానం అనే మాటే మర్చిపోండి, నాలుగు రోజులూ మేం వేడి నీళ్ళలో గుడ్డ ముంచి తుడుచుకున్నాం, అంతే. మరుగుదొడ్డి పైఅంతస్తులో ఉంటుంది, నేలలో కంత, కింద గది, పని అయ్యాక పక్కనున్న మట్టీ బూడిదా పారతో వేయాలి. అది కుళ్ళి ఎరువై వేసవిలో పొలానికి వెళ్తుంది. అందులో నీళ్ళు పోయకూడదు. మనవాళ్ళకి ఇది కష్టమే, నాకూ మొదటి రోజు చాలా ఇబ్బంది అయింది, టిష్యూలు దండిగా తీసుకెళ్ళండి. వాసన మాత్రం లేదు, ఆ చలికి ఉండదు.

ఇక్కడే నా కోపం కూడా చెప్పాలి. మాకు ఈ ట్రిప్ కుదిర్చిన ఏజెంటు అటాచ్డ్ బాత్రూమ్, గీజరు, వైఫై అన్నీ ఉంటాయని చెప్పి దానికి తగ్గట్టు డబ్బులు తీసుకున్నాడు. ఆ ఇంటివాళ్ళు తీసుకునేది మనిషికి రోజుకి 1500, మూడు పూటలా భోజనంతో. మేం కట్టినది దానికి రెట్టింపు పైనే. మిగతాది ఎవరి జేబులోకి పోయిందో వేరే చెప్పక్కర్లేదు. ఇంకా బాధేంటంటే, గీజరు ఏదని వచ్చినవాళ్ళు అడిగినప్పుడు తలదించుకోవాల్సింది ఆ ఇంటివాళ్ళు. పోయిన నెలలో ఎవరో ఇదే గొడవతో రాత్రికి రాత్రి దిగిపోయారట. దయచేసి ఏజెంట్ల ద్వారా వెళ్ళకండి. కాజా చేరాక అక్కడ ఎవరిని అడిగినా పై ఊళ్ళలో ఇళ్ళు చూపిస్తారు.

తిండి బాగుంది, నిజంగా బాగుంది. థుక్పా అనే నూడుల్స్ సూపు, మోమోలు, ఆవిరి మీద ఉడికించిన టింగ్మో రొట్టె, నల్ల బఠాణీల పప్పు. అన్నం కుక్కర్‌లోనే వండుతారు, ఆ ఎత్తులో నీళ్ళు 85 డిగ్రీలకే మరిగిపోతాయి, గిన్నెలో పెడితే ఎంతసేపు మరిగినా మెతుకు పలుకుగానే ఉండిపోతుంది. క్లాసులో పిల్లలకి ఎన్నోసార్లు చెప్పిన పాఠం అది, కళ్ళతో చూడటం ఇదే మొదలు. పొద్దున వేయించిన బార్లీ పిండిని ఉప్పూ వెన్నా వేసిన టీలో కలిపి వేళ్ళతో ముద్ద చేసి తింటారు. మా ఆయన ఆ టీ ఒక్క గుక్క తాగి పక్కన పెట్టేశారు. నాకు మాత్రం చోడి (రాగి) అంబలి తాగిన కడుపులాగే హాయిగా ఉంది, పది దాటినా ఆకలి వేయలేదు. నేను తీసుకెళ్ళిన చోడిపిండితో మూడో రోజు అంబలి కాచి ఇచ్చాను, పెద్దావిడ రెండు గిన్నెలు తాగింది.

రాయి సంగతి రాయకపోతే ఈ రివ్యూ పూర్తి కాదు. కిటికీ గట్టు మీద గుప్పెడంత నల్లరాయి ఉంది, తిప్పి చూస్తే లోపల చుట్టలు చుట్టుకున్న గవ్వ, గీత గీతా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది. అమ్మోనైట్ శిలాజం. హిమాలయాలు లేవకముందు అక్కడ టెథిస్ అనే సముద్రం ఉండేది, ఆ అడుగే పైకి లేచి ఇప్పుడు లాంగ్జా పొలాలయింది. మేం మా భావనపాడు సముద్రపు ఒడ్డున ఆదివారాలు గవ్వలు ఏరుకునేవాళ్ళం. సముద్రానికి ఇంత దూరంలో, ఇంత ఎత్తులో, మంచు మధ్య ఒక ముసలావిడ నా చేతిలో గవ్వ పెట్టింది. చల్లగా ఉంది, బరువుగా ఉంది, ఎంతసేపు పట్టుకున్నా చేతికి వేడెక్కలేదు. ఎవరైనా అమ్మజూపితే కొనకండి. అవి ఆ నేలలో ఉండాల్సినవి.

బయట తిరగడానికి ఊరి చివర పెద్ద బుద్ధ విగ్రహం దాకా వెళ్ళొచ్చు, వెనక చౌ చౌ కాంగ్ నీల్దా శిఖరం, 6,300 మీటర్ల పైన. ఏటవాలు మీద భరల్ అనే కొండగొర్రెల మంద కనిపించింది. మంచు చిరుత కనిపించలేదు. దానికోసం కిబ్బర్ వైపు వెళ్ళి రోజుల తరబడి కాపు కాస్తారట. ఎండ ఉన్నంతసేపు హాయిగా ఉంటుంది, ఎండ కొండ దాటగానే అయిదు నిమిషాల్లో వేళ్ళు మొద్దుబారతాయి. మన ఊళ్ళో శీతాకాలం వేసుకునే స్వెట్టరు అక్కడ లోపలి బనీనుతో సమానం. ఒక్క లావు కోటు కంటే పలచటివి నాలుగైదు పొరలు మేలు, తడిసిన సాక్సు క్షణం కూడా కాళ్ళకి ఉండకూడదు. ఇవన్నీ మా తమ్ముడి మాటలు, వాడు చెప్పినట్టు చేశాం, ఎవరికీ ఏమీ కాలేదు.

అర తగ్గించినది పొగ గురించి. రెండో సాయంత్రం గొట్టం అతుకు దగ్గర సన్నగా పొగ వస్తోంది, తలుపులూ కిటికీలూ అన్నీ బిగించి ఉన్నాయి. మూసిన గదిలో పొయ్యి మండితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది, దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. చెప్తే ఇంటి కొడుకు వెంటనే అతుకుకి తడిమట్టి మెత్తాడు, కిటికీ వేలెడు తెరిచి ఉంచాడు. కానీ మేం చెప్పాల్సి రాకూడదు. ఆ గ్యాసు పసిగట్టే అలారం చిన్నది, బ్యాటరీతో పనిచేస్తుంది. ప్రతి అతిథి ఇంట్లో అది ఉండాలి, లేకపోతే మీరే ఒకటి వెంట తీసుకెళ్ళండి.

మూడు రాత్రులని వెళ్ళిన మేం నాలుగు ఉన్నాం. దిగాల్సిన రోజు తెల్లారేసరికి మోకాళ్ళ దాకా మంచు. దారి లేదు. నాకు ఒక్కసారిగా టెన్షన్ మొదలైంది, ఢిల్లీ నుంచి విశాఖకి విమానం టికెట్లు, లీవు అయిపోతోంది, స్కూలుకి ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. ఇంట్లోవాళ్ళకి మాత్రం ఏ కంగారూ లేదు. అందరూ చెక్క పారలు పట్టుకుని మేడ ఎక్కారు, మట్టి కప్పు మీద మంచు నిలిస్తే కరిగి కారుతుంది, బరువు కూడా. మేమూ ఎక్కాం. మా అమ్మాయి చీపురుతో సోలార్ పలక మీద మంచు తుడిచింది, అది తుడవకపోతే ఆ రాత్రి బల్బు వెలగదు. పది గంటలకి నా వీపు చెమటతో తడిసింది, టెన్షన్ ఎప్పుడు పోయిందో తెలీలేదు. మర్నాడు మధ్యాహ్నానికి జేసీబీ వచ్చి దారి తీసింది. డ్రైవరు డీజిలు గడ్డకట్టిందని ఎండ పడేదాకా ఇంకో గంట ఆగాం. విమానం తప్పింది, కొత్త టికెట్లకి బాగానే అయింది. చేతిలో కనీసం రెండు రోజులు అదనంగా ఉంచుకోకుండా ఈ ఊరికి వెళ్ళకండి.

వెచ్చటి గది, వేడి నీళ్ళు, రూమ్ సర్వీస్ కావాలంటే సిమ్లాలో ఆగిపోండి, అక్కడా మంచు పడుతుంది. ఈ ఇంట్లో ప్రతి చెంబు నీళ్ళూ, ప్రతి పిడకా ఎవరో మోసింది. అది తెలుసుకుని, లెక్కగా వాడుతూ, పిలవకపోయినా పనిలో చెయ్యి వేయగలిగితే ఇంతకంటే మంచి చోటు నేను చూడలేదు. మా అత్తయ్య తనూ వస్తానంటున్నారు, ఆవిడకి ఆయాసం ఉంది కాబట్టి నేను ఒప్పుకోలేదు.

బయల్దేరేటప్పుడు పలాస జీడిపప్పు ఒక కేజీ ఇచ్చి వచ్చాను. పెద్దావిడ వేయించిన బార్లీ పిండి ఒక సంచి కట్టి ఇచ్చింది, ఇప్పుడు పొద్దున అంబలిలో గుప్పెడు అదే కలుపుతున్నాను. ఆవకాయ సీసా అడుగున మిగిలినది వదిలేసి వచ్చాను, మళ్ళీ వస్తే పెద్ద జాడీ తెమ్మంది. మే నెలలో కాయ దిగగానే రెండు జాడీలు పెడతాను, ఒకటి వాళ్ళకి.