ఇంటి బయటి రంగులు, రాయి: తిరుపతి ఎండకూ వానకూ ఏది నిలిచింది

మాది ఎం.ఆర్.పల్లి వైపు పడమర ఫేసింగ్ ఇల్లు. 2017లో గృహప్రవేశం. అప్పుడు పూసిన రంగులు, అతికించిన రాయి ఇప్పటికీ అవే. ఇల్లు కడుతున్న చుట్టాలు ఎలివేషన్‌కు ఏం వేయాలని అడుగుతుంటారు, అందుకే ఏది ఎలా ఉందో రాస్తున్నాను.

ముందు రాయి. బేస్‌మెంట్ చుట్టూ, పోర్టికో స్తంభాలకు ఫ్లేమ్ ఫినిష్ చేసిన బూడిదరంగు గ్రానైట్ వేయించాం. నున్నగా మెరిసేది కాదు, తడిమితే చేతికి గరుగ్గా తగిలేది. మన జిల్లాలకు గ్రానైట్ కొత్తేం కాదు. కుప్పం గ్రీన్ కూడా చూశాం, బాగుంటుంది, కానీ ఆ పచ్చఛాయ పక్కన ఏ గోడరంగు పెట్టినా పొసగలేదు. ఈ బూడిదరంగులో నల్లచుక్కలు, అక్కడక్కడా గులాబీ పొడ ఉన్నాయి. ఒక ముక్క పట్టుకుని పెయింట్ షాపుకు పోయి, దాన్ని బట్టే గోడరంగు ఎంచుకున్నాం. ఎవరికైనా ఇదే వరస చెబుతాను. పెయింట్ ఏ షేడ్ కావాలన్నా మెషిన్‌లో కలిపిస్తారు, రాయిని అలా కలపలేరు కదా!

ఇన్నేళ్లలో ఆ గ్రానైట్‌ను పైపుతో నీళ్లు కొట్టి కడగడం తప్ప ఏమీ చేయలేదు. గట్టి వాన పడితే ఎర్రమట్టి చింది మోకాలెత్తు దాకా పడుతుంది. పక్కింటివాళ్లు తెల్ల పెయింట్ నేల దాకా దించారు, ఏటా ఎర్ర అంచు తేలుతుంది. రాయి మీద పడిన మట్టి మరుసటి వానకే పోతుంది.

కాంపౌండ్ గోడ మీద పరిచిన కడప రాయికి మాత్రం మార్కులు తక్కువే. పాలిష్ పట్టినప్పుడు కాటుకలా ఉండేది, ఎండకు తెల్లబారిపోయింది. పైగా అది సున్నపురాయి, యాసిడ్ పోసి కడిగితే ఇంకా పాడవుతుంది. ఇంట్లో అరలకైతే దాన్ని మించింది లేదు.

గోడకు లేత ఇసుకరంగు. షేడ్ కార్డులో ముదురుగా కనిపించినది గోడంతా పూసి ఎండ పడితే బాగా లేతగా తేలుతుంది. అందుకే ముందు పడమటి గోడ మీద, ఉత్తరపు గోడ మీద పెద్ద పట్టీలు వేయించాను. "చీరకు కూడా ఇన్నిసార్లు చూడరు కదక్కా" అన్నాడు పెయింటర్. చీర నచ్చకపోతే బీరువాలో పెట్టేస్తాం, గోడను ఎక్కడ పెడతాం? ఇసుక, ఇటుక ఛాయలకు ఎక్కువగా ఐరన్ ఆక్సైడ్ పిగ్మెంట్లు వాడతారు, అవి ఎండకు బాగా ఆగుతాయి. మా గోడలు కొద్దిగా పాలిపోయాయి గానీ, పాత ఫొటో పక్కన పెడితే తప్ప తెలియదు.

సజ్జల అంచులకు, కిటికీల చుట్టూ పట్టీలకు, పిట్టగోడ గీతకు బొగ్గురంగు వేశాం. ఉత్తరం వైపు, కొండ కనిపించే పక్క, ఇప్పటికీ నిక్షేపంగా ఉంది. పడమటి వైపు మాత్రం వేలితో రాస్తే బూడిదరంగు పొడి అంటుకుంటోంది, సన్నటి నెర్రెలు కూడా వచ్చాయి. ముదురు రంగు వేడిని ఎక్కువ పీల్చుకుంటుంది, మేలో 40 డిగ్రీలు దాటే ఊరు మనది.

2021 నవంబరు వానలకు ఊరంతా నీళ్లయినప్పుడు ఇంకో సంగతి తేలింది. ముందు కిటికీల కింద గ్రానైట్ పలక గోడ కన్నా అంగుళం బయటికి ఉంది, దాని అడుగున సన్నటి గాడి కోయించాం. నీళ్లు ఆ గాడి దగ్గరే ఆగి చుక్కలుగా కింద పడ్డాయి, గోడ శుభ్రంగా ఉంది. వెనక వంటింటి కిటికీకి గాడి లేదు, రెండు మూలల నుంచీ నల్లటి చారలు దిగాయి. రంగు ఒకటే, మేస్త్రీ ఒకడే, తేడా ఆ గాడి వల్లే.

బాల్కనీ ముందు చెక్కలా కనిపించే హెచ్‌పీఎల్ (గట్టిగా ఒత్తి చేసే లామినేట్) షీట్లు బిగించాం. బయటికి వాడే రకమే తీసుకున్నాం కాబట్టి రంగు దిగలేదు, ఉబ్బలేదు. కానీ బిగించినవాడు స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలకు డబ్బు తీసుకుని మామూలువి కొట్టిపోయాడు. ఒక్కో స్క్రూ కింద తుప్పు చార కారింది.

సంక్రాంతి దాటాక మళ్లీ పెయింట్ వేయిస్తున్నాం. గోడలకు అదే ఇసుకరంగు. పడమటి సజ్జలకు మాత్రం బొగ్గురంగు తీసేసి, గ్రానైట్‌కు దగ్గరగా ఉండే లేత బూడిదరంగు. స్క్రూల మనిషి ఫోనెత్తడం మానేశాడు, వేరే అతనితో మార్పిస్తున్నాం, ఈసారి స్క్రూలు మేమే కొనిస్తున్నాం.