స్నానాలగదికి ఎనిమిదిన్నర వేలు: నాలుగేళ్లు వాడాక నా మాట

తిరుపతిలో సొంత ఇల్లు ఉన్నవాళ్లకు తెలిసిన సంగతే, మనది సగం ఇల్లు, సగం సత్రం. వైకుంఠ ఏకాదశికి ఒకరు, బ్రహ్మోత్సవాలకు మరొకరు, వేసవి సెలవుల్లో అందరూ. వచ్చినవాళ్లు మొదట అడిగేది కాఫీ కాదు, స్నానాలగది ఎటు అని. 2006లో కట్టిన మా ఇంట్లో ఆ గది పదిహేనేళ్లకే చూపించడానికి మొహం చెల్లని స్థితికి వచ్చింది. కుళాయిలకు తెల్లటి గార. షవరు రంధ్రాలు సగం మూసుకుపోయి, మిగతా సగం గోడను తడిపేవి. కమోడ్ ట్యాంకు రాత్రంతా సన్నగా కారుతూ ఉండేది. 2021 నవంబరు వరదల తర్వాత బోరులోంచి వచ్చిన ఎర్రటి ఒండ్రు, ఉన్న కాస్త మర్యాదనూ తీసేసింది.

శానిటరీ దుకాణంలో అడిగితే మొత్తం పీకి కొత్తవి వేయడానికి 72 వేలు అంచనా రాసిచ్చారు. మా ఆయన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "గోవిందా" అన్నారు.

2022 సంక్రాంతి తర్వాత పని మొదలుపెట్టాం. మమ్మల్ని కాపాడింది కొర్లగుంట నుంచి వచ్చిన ప్లంబరు. నేను పారేద్దామని పక్కన పెట్టిన పాత కుళాయిని ఒక చేతిలో, దుకాణం నుంచి తెచ్చిన తళతళలాడే కొత్తదాన్ని ఇంకో చేతిలో పట్టుకుని చూశాడు. "అక్కా, పాతది ఇత్తడి. బయట మాసిందే గాని లోపల గట్టిగానే ఉంది. మీరు కొన్నది ప్లాస్టిక్ మీద పూత" అన్నాడు. నేనూ పట్టుకుని చూశాను. రెండింటి బరువుకూ పోలికే లేదు. కొత్తది ఆ సాయంత్రమే దుకాణానికి వెనక్కి వెళ్లింది.

కుళాయి కారితే కుళాయినే మార్చాలని నేను అప్పటిదాకా అనుకునేదాన్ని. సగం తిప్పితే తెరుచుకునే రకాల్లో నీటిని ఆపేది లోపలి స్పిండిల్. అందులో రెండు సిరామిక్ బిళ్లలు ఒకదానిమీద ఒకటి జరుగుతాయి. వాటి మధ్య ఇసుక రేణువో గారపలుకో చేరితే గీత పడి నీరు జారుతుంది. స్పిండిల్ ఒక్కొక్కటి 120 రూపాయలు, నాలుగు మార్చాం. పెరట్లో ఉన్న చాలాసార్లు తిప్పే పాతరకం కుళాయికి అయితే ఐదు రూపాయల రబ్బరు వాషరుతో సరిపోయింది. ఒక జాగ్రత్త: పాత స్పిండిల్‌ను చేత్తో పట్టుకుని దుకాణానికి వెళ్లండి. పిడి కూర్చునే చోట ఉండే పళ్ల లెక్క కంపెనీకీ కంపెనీకీ మారుతుంది. ఉత్త చేతులతో వెళ్లి నేను గాంధీ రోడ్డుకు మూడుసార్లు తిరిగాను.

నాలుగేళ్లలో ఆ నాలుగింటిలో రెండు ఇప్పటికీ చుక్క కారలేదు. గీజరు వైపు ఉన్నది మాత్రం రెండుసార్లు మార్చాల్సి వచ్చింది. మాకు తెలుగుగంగ, కల్యాణి డ్యాము నీళ్లు వచ్చినన్ని రోజులు అవి, చాలనప్పుడు బోరు. బోరునీటిలో సున్నం ఎక్కువ, వేడి చేస్తే అది ఇంకా త్వరగా గడ్డకడుతుంది. అందుకే వేడినీళ్ల కుళాయి ముందు మొరాయిస్తుంది. నాలుగోది షవరుది, ఈ వేసవిలో కొంచెం బిగుసుకుంది కాని పనిచేస్తోంది.

షవరు కొనలేదు. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు రెండు చెంచాలు గోరువెచ్చని నీటిలో కలిపి, ప్లాస్టిక్ సంచిలో పోసి, షవరు మూతికి తొడిగి రబ్బరు బ్యాండు వేశాను. అరగంట తర్వాత పాత పళ్ల బ్రష్షుతో తోమితే గార పొరలుగా ఊడివచ్చింది. ఇప్పుడు మూడు నెలలకోసారి ఇదే. రాత్రంతా ఉంచకండి, పూత మసకబారుతుంది. మార్బుల్ గట్టుమీద ఒలికితే మచ్చ పడుతుంది, అదీ నా అనుభవమే. సీసాల్లో అమ్మే ఘాటు బాత్రూం యాసిడ్‌ను మాత్రం కుళాయి దగ్గరకు రానివ్వకండి. మా అత్తగారు ఒకసారి ప్రేమగా దానితో తోమారు, వాష్‌బేసిన్ కుళాయి మెరుపు పోయి లోపలి పసుపు బయటపడింది. ఆ యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడరుతో ఎప్పుడూ కలపకూడదు, వచ్చే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులకు ప్రమాదం.

ఆ పసుపు మచ్చను దాచబోయి చేసిన పని చెప్పాలంటే సిగ్గుగా ఉంది. 320 రూపాయలు పెట్టి వెండి రంగు స్ప్రే కొన్నాను. కొట్టిన రోజు పెళ్లికూతురిలా ఉంది. మూడో నెలలో గోటితో గీకితే పొలుసులుగా రాలింది. రోజూ తడిసేచోట రంగు నిలవదు. ఆ కుళాయిని అలాగే పసుపు మొహంతో వాడుతున్నాం, ఒక్క చుక్క కారదు.

కమోడ్ ట్యాంకులో లోపలి సెట్టు 380 రూపాయలు. ట్యాంకు నిండగానే నీటిని ఆపే బాల్ కాక్, అడుగు వాషరు రెండూ కొత్తవయ్యాక రాత్రి చప్పుడు ఆగింది. మోటారు వేసే గంటలు తగ్గాయి. పెట్టినదానికి ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. సీటు మూతకు 900 అయింది. కొనేముందు వెనక రెండు రంధ్రాల మధ్య దూరం కొలుచుకోండి, ఇనుప బోల్టులవి వద్దు.

కమోడ్ పక్కన ఉండే చేతి షవరు, అదే హెల్త్ ఫాసెట్ విషయంలో పిసినారితనం పనికిరాదు. 350 రూపాయలది కొన్నాను. ఏడాది తిరగకముందే, ఓ రాత్రి మేమంతా పెళ్లికి చిత్తూరు వెళ్లి వచ్చేలోపు, దాని గొట్టం పగిలి మిద్దెమీద ట్యాంకు మొత్తం ఖాళీ అయింది. ఇంట్లో నీళ్లు లేవని మాకు తెలిసింది మర్నాడు తెల్లవారుజామున, అలిపిరి మెట్లెక్కడానికి బయలుదేరిన బంధువులు ఒంటినిండా సబ్బుతో కేకేసినప్పుడు. రెండోసారి ఇత్తడి నట్లు, స్టీలు గొట్టం ఉన్నది 1,250 పెట్టి కొన్నాను. అయినా ఊరెళ్లేటప్పుడు దానికి నీళ్లు ఆపే గోడ దగ్గరి చిన్న కుళాయిని, అంటే యాంగిల్ కాక్‌ను, కట్టేసి వెళ్తాను. మొదటి విడతలోనే మూడు యాంగిల్ కాక్‌లు, ఒక్కొక్కటి 450 పెట్టి మార్పించడం మంచిపనైంది. పాతవి బిగుసుకుపోయి తిరిగేవే కావు.

టైల్స్ సందుల పని మా ఇద్దరం చేశాం. వైట్ సిమెంటు పెట్టిన ప్రతిసారీ ఏడాదికే పసుపెక్కి పగిలేది కాబట్టి సందులు నింపే ఎపాక్సీ జిగురు తెచ్చాం. అది గట్టిపడేలోపే టైలు మీద మరక తుడిచేయాలి, వేడికి ఇంకా త్వరగా గట్టిపడుతుంది. మేము చేసింది ఏప్రిల్ మధ్యాహ్నం! ఓ మూల ఆరు టైల్స్ మీద ఆ మసక ఇప్పటికీ ఉంది. సందులు మాత్రం కొత్తగానే ఉన్నాయి. వాష్‌బేసిన్ చుట్టూ పెట్టిన సిలికాన్‌కు రెండేళ్లకు నల్లబూజు పట్టింది, గీకి మళ్లీ పెట్టుకున్నాం.

ప్లంబరు కూలి 1,500తో కలిపి మొదటి విడత 6,800, తర్వాతి మార్పులన్నీ కలిపి మరో 1,740. గుండు చేయించుకుని వచ్చే బంధువుల తలమీది గంధం వాష్‌బేసిన్ కింద నీళ్లు పోయే సీసాలాంటి గొట్టంలో (బాటిల్ ట్రాప్) పేరుకుంటుంది. దాన్ని మరతిప్పి కడగడం మా అబ్బాయి నేర్చుకున్నాడు, దానికి ఖర్చు లేదు.

ఈ పద్ధతి అందరికీ చెప్పను. గోడలోపలి పైపు తుప్పుపట్టినా, టైలు వెనక గోడ ఉబ్బినా ఇవేవీ పనికిరావు, అక్కడ పగలగొట్టాల్సిందే. మా ప్లంబరు ముందు గోడ తట్టి చూశాకే పనికి ఒప్పుకున్నాడు.

నిన్నటి నుంచి వంటగది కుళాయి కారుతోంది. పౌడరు డబ్బాలో రెండు స్పిండిళ్లు దాచి ఉంచాను. పళ్లు లెక్కపెట్టి చూస్తే రెండూ దానికి సరిపోవు.