పాత కోర్టు కాగితాలతో వంశవృక్షం తీసిస్తామనే ఏజెంట్లతో జాగ్రత్త

"నిజాం కాలం దావాల్లోంచి మీ వంశమంతా తీసిస్తాం" అంటూ హైదరాబాద్‌లో కొందరు ఏజెంట్లు ప్యాకేజీలు అమ్ముతున్నారు. డబ్బంతా ముందే పుచ్చుకుని, సీలు లేని ఉర్దూ జిరాక్సు ఒకటి, టైపు చేసిన తెలుగు అనువాదం ఒకటి చేతిలో పెడుతున్నారు. వాటిని నమ్మి ఇంట్లో వంశవృక్షం రాసుకోకండి.

అలాంటి ఒక అనువాదంలో 1340 ఫసలీని (నిజాం సర్కారు కాగితాల్లో వాడిన సంవత్సరాల లెక్క) హిజ్రీ (ముస్లిం చాంద్రమాన లెక్క) అనుకుని 1921 అని వేశారు. నిజానికది 1930-31. ఫసలీ ఏడాది ఆజూర్‌తో, అంటే అక్టోబరులో మొదలవుతుంది. ఇంగ్లీషు ఏడాది కావాలంటే ఫసలీకి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలపాలి. ఈ తొమ్మిదేళ్ళ తేడాతో తండ్రి పోయిన నాలుగేళ్ళకు కొడుకు పుట్టినట్టు తేలింది! నెల పేరు చూస్తే తెలిసిపోతుంది: ఆజూర్, బహమన్, అమర్దాద్ అయితే ఫసలీ, మొహర్రం, రజబ్, షాబాన్ అయితే హిజ్రీ.

పేర్ల దగ్గర ఇంకా ప్రమాదం. గొలుసుకట్టు ఉర్దూ రాతలో నుక్తాలు, అంటే అక్షరాల చుక్కలు, తరచూ ఎగిరిపోతాయి. పైన చుక్క ఉంటే నాగయ్య, కింద ఉంటే బాగయ్య. చుక్కే లేకపోతే అనువాదకుడు ఏది రాస్తే అదే మీ ముత్తాత పేరు. అందుకే ప్రతి పేరుకూ అసలు కాగితంలోని ఆ వరుస ఫొటో అడగండి.

అసలైన సర్టిఫైడ్ కాపీ మీద కాపీ దరఖాస్తు నంబరు, దరఖాస్తు పెట్టిన తేదీ, చార్జీలు కట్టిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ, సరిచూసినవాళ్ళ సంతకం, కోర్టు సీలు ఉంటాయి. ఇవి లేని కాగితం ఆస్తి తగాదాలో నిలబడదు.

పార్టిషన్ (ఆస్తి పంపకాల) దావా ప్లెయింటులోని, అంటే దావా వేసినవాళ్ళ అర్జీలోని వంశవృక్షం ఒక పక్షం చెప్పుకున్నది మాత్రమే. ఎదుటి పక్షం రిటన్ స్టేట్‌మెంటు (రాతపూర్వక జవాబు), తీర్పు కూడా తెప్పించమనండి. దత్తత చెల్లదన్న వాదనలన్నీ అక్కడే ఉంటాయి. దావా నడుస్తుండగా ఎవరైనా చనిపోతే వేసే ఎల్.ఆర్. పిటిషన్ (వారసుల్ని దావాలో చేర్చమనే అర్జీ) మరీ విలువైనది, మరణించిన తేదీ, వారసుల పేర్లు అందులో దొరుకుతాయి.

గడువు తీరిన కోర్టు కాగితాల కట్టల్ని నిబంధనల ప్రకారం ధ్వంసం చేస్తారు కాబట్టి "గ్యారంటీగా దొరుకుతుంది" అన్నవాడి మాట నమ్మొద్దు. కోర్టు పేరు, దావా నంబరు, ఏడాది చెప్పాకే అడ్వాన్సు ఇవ్వండి. కాపీయింగ్ సెక్షన్లో మీరే దరఖాస్తు పెట్టుకోవచ్చు. దావాలో పక్షం కానివాళ్ళు కారణం చెబుతూ అఫిడవిట్‌తో పిటిషన్ వేయాలి. ఖాళీ వకాలత్ (లాయరుకు అధికారమిచ్చే కాగితం) మీద మాత్రం సంతకం పెట్టకండి.